మియాండర్: ఒక్క నది పేరు అన్ని వంపులకీ ఎలా అంటుకుంది

అరకు ఘాట్ ఫోటో ఎవరు పెట్టినా కింద ఇంగ్లీషులో ఒక క్యాప్షన్ ఖాయం, మియాండరింగ్ రోడ్స్ అని. శృంగవరపుకోట దాటాక అనంతగిరి వైపు పైకెక్కే ఆ మలుపులు చూస్తే మాట సరిగ్గా కుదిరినట్టే ఉంటుంది, డిక్షనరీ కూడా తప్పు పట్టదు, మెలికలు తిరుగుతూ పోయే దేన్నైనా అలా అనొచ్చంటుంది. కానీ ఆ మాట పుట్టిన చోటు చూస్తే కొండకీ దానికీ సంబంధమే లేదు. అది చదును నేల మీద, బురద మట్టిలో, ఒక ఒడ్డు కోసుకుంటూ ఇంకో ఒడ్డున మేట వేసుకుంటూ పోయే ఏటి పేరు. ఏ ఏరైనా అని కూడా కాదు, ఒకే ఒక్క ఏరు, ఇప్పటికీ మ్యాప్‌లో దొరుకుతుంది. ఏరు మూలం, ఋషి మూలం అడక్కూడదంటారు గానీ ఈ మాట మూలం అడిగితే మాత్రం తగిలేది నదే.

ముందు పలికే తీరు చెప్పుకుంటే గొడవ వదిలిపోతుంది. స్పెల్లింగ్ చూసి మీండర్ అని చదివేవాళ్ళు చాలామంది, అది మి-యాన్-డర్, మధ్య ముక్క నొక్కి పలకాలి. గ్రీకులో మయాండ్రోస్, లాటిన్‌లో మేయాండర్, అక్కణ్ణుంచి ఇంగ్లీషుకి. ఆ మయాండ్రోస్ అనేది ఇప్పటి టర్కీలో పడమటి వైపు పారే నది, ఈ రోజుల్లో దాని పేరు బ్యుయుక్ మెండెరెస్, అంటే పెద్ద మెండెరెస్ అని. దినార్ అనే ఊరి దగ్గర పుట్టి 500 కిలోమీటర్లకి పైగా పారి, అయ్‌దిన్ మైదానం మీదుగా ఈజియన్ సముద్రంలో కలుస్తుంది, ఆ మైదానంలో పత్తి, అంజీర బాగా పండుతాయి. పెద్దది ఉందంటే చిన్నది కూడా ఉండాలి కదా, ఉంది, కుచుక్ మెండెరెస్, కానీ గ్రీకుల కాలంలో దాని పేరు వేరు, కాయ్‌స్ట్రోస్. ట్రాయ్ నగరం పక్కన పారే స్కమాండర్ నదిని కూడా ఇప్పుడు కరా మెండెరెస్ అంటారు. అంటే ఇంకో రెండు నదులకి కూడా ఇప్పుడు మెండెరెస్ అన్న పేరే ఉంది, టర్కిష్‌లో నదీ వంపుని మామూలుగా మెండెరెస్ అనే అంటారు కూడా.

ఇంకో తమాషా, ఇజ్మీర్ విమానాశ్రయం పేరు అద్నాన్ మెండెరెస్ ఎయిర్‌పోర్ట్. 1950 నుంచి 1960 దాకా టర్కీ ప్రధానిగా చేసి, సైనిక తిరుగుబాటులో పదవి పోయి, 1961లో ఉరికంబం ఎక్కిన మనిషి ఆయన. పుట్టింది అయ్‌దిన్ ప్రాంతంలోనే. టర్కీలో 1934లో అందరికీ ఇంటిపేరు ఉండాలని చట్టం వచ్చాక ఈ నది పేరే ఇంటిపేరుగా పెట్టుకున్నాడు. మన దగ్గర ఊళ్ళ పేర్లు ఇంటిపేర్లవడం మామూలే కాబట్టి ఇందులో వింతేం లేదు, కాకపోతే ఈ ఇంటిపేరుకి ఇంగ్లీషు డిక్షనరీలో అర్థం కూడా ఉంది, అదే తేడా.

మరి నది పేరు వంపుకి పేరుగా ఎప్పుడు మారింది అంటే, ఇంగ్లీషువాళ్ళు పుట్టకముందే. క్రీస్తుశకం మొదట్లో రాసిన స్ట్రాబో అనే భూగోళ రచయిత ఈ సంగతి సూటిగా చెప్పాడు, ఈ నది ఎంతలా వంకర్లు పోతుందంటే వంకర్లు పోయేవాటన్నిటినీ దీని పేరుతోనే పిలుస్తున్నారని. అంటే 2000 ఏళ్ళ కిందటికే గ్రీకులో అది మామూలు మాట అయిపోయింది. దాదాపు అదే కాలపు రోమన్ కవి ఓవిడ్, గ్రీకు పురాణాల్లోని శిల్పి డెడాలస్ కట్టిన చిక్కుదారుల భవనాన్ని వర్ణించాల్సి వచ్చి ఈ నదినే పోలికగా తెచ్చుకున్నాడు, ముందుకి పోతుందో వెనక్కి వస్తుందో తెలీకుండా తన నీళ్ళు తనకే ఎదురొచ్చే నది అని. గ్రీకు కుండల మీద, గుడి అంచుల మీద చదరం చదరంగా లోపలికి మడిచి మళ్ళీ బయటికి వచ్చే ఒక బోర్డర్ డిజైన్ ఉంటుంది, చీర అంచుల్లోనూ హోటల్ టైల్స్ మీదా కూడా కనిపిస్తుంది, దాన్ని కూడా మియాండర్ అనే అంటారు. ఆ డిజైన్ క్రీస్తుపూర్వం 9, 8 శతాబ్దాల కుండల మీదే దండిగా ఉంది. ఒక్క గుండ్రటి వంపు కూడా లేకుండా అన్నీ మూలలే ఉన్న డిజైన్‌కి నది పేరు పెట్టడం ఏంటో అనిపిస్తుంది గానీ, గీత ఎక్కడా తెగకుండా తన పక్కనుంచి తనే వెనక్కి రావడం అనే గుణం మాత్రం రెండిట్లోనూ ఉంది.

ఇంగ్లీషులోకి ఈ మాట 16వ శతాబ్దం చివర్లో వచ్చింది, మొదట్లో దాని అర్థం చిక్కు, గందరగోళం, తికమక అని. తర్వాత 17వ శతాబ్దం మొదట్లో క్రియగా మారి, నది మెలికలు తిరుగుతూ పారడం అయింది. మనిషి గాలికి తిరగడం, మాట దారి తప్పడం అనే అర్థం బాగా ఆలస్యంగా, 19వ శతాబ్దంలో గట్టిపడింది. ఈ వరసే కొంచెం అన్యాయంగా ఉంటుంది. నది నుంచి చిక్కు, చిక్కు నుంచి మళ్ళీ నది, నది నుంచి గమ్యం లేని తిరుగుడు. ఇప్పుడు ఇంగ్లీషు మాట్లాడే మనిషిని అడిగితే మియాండర్ అంటే ముందు ఆ ఆఖరిదే చెప్తాడు, పనీపాటా లేకుండా తిరగడం అని. నది మీద ఈ నింద ఎంతవరకు నిజమో తర్వాత చూద్దాం, ఎందుకంటే నది వంపుకి ఉన్నంత లెక్క ఘాట్ రోడ్డుకి కూడా లేదు.

తెలుగులో ఈ అర్థాలన్నీ ఒకే మాట మీద పడలేదు, చాలా మాటలకి పంచేసుకున్నాం. వాగులు వంకలు అని జంటగా అంటాం కదా, అందులో వంక అంటే చిన్న ఏరు. అదే వంక వంపు కూడా, నెలవంకలో ఉన్నది అదే, వంకరలో ఉన్నదీ అదే. అటు వంక ఇటు వంక అంటే వైపు. ఆ వంకతో రాలేదు అంటే సాకు, వంకలు పెట్టడం అంటే తప్పులెన్నడం. సంస్కృత నిఘంటువుల్లో కూడా వంక అనే మాటకి నది వంపు అని ఒక అర్థం కనిపిస్తుంది. గ్రీకులు ఒక నది పేరు తీసుకుని వంపులన్నిటికీ ఇచ్చారు, మన దగ్గర ఒకే మాట వంపుకీ ఏటికీ రెండిటికీ చెల్లుతోంది, ఏది ముందో తేల్చే పని భాషాశాస్త్రం వాళ్ళది గానీ రెండు చోట్లా జనం కన్ను పడింది మాత్రం ఒకే విషయం మీద, చిన్న ఏరు అంటేనే వంపు అని.

అయితే వైజాగ్ చుట్టుపక్కల వంక అనే మాట ఏటికి పెద్దగా వాడరు, అది రాయలసీమ వైపు ఎక్కువ. ఇక్కడ గెడ్డ. మేఘాద్రి గెడ్డ, నరవ గెడ్డ, ఊళ్ళోకొస్తే ఎర్రి గెడ్డ, గంగుల గెడ్డ, ఇక శ్రీకాకుళం దాకా ఎక్కడ చూసినా గెడ్డలే. వాక అన్నా ఏరే, హనుమంతవాక జంక్షన్‌లో సిగ్నల్ దగ్గర ఆగే జనంలో ఆ పేరులో ఒక ఏరు ఉందని ఎంతమంది పట్టించుకుంటారో మరి. ఇంకొంచెం పైకెళ్తే నాగావళి, దానికి లాంగుల్య అని ఇంకో పేరు, బలరాముడు నాగలితో చీలిస్తే పుట్టిందని స్థలపురాణం చెప్తుంది. నాగలి చాలు అంటే నేరుగా ఉండాలి, నాగావళి ఎక్కడా నేరుగా ఉండదు, పురాణం ఆ మెలికల జోలికి వెళ్ళలేదు.

మాట దారి తప్పే విషయానికి తెలుగులో ఇంకా పదును ఉంది. డొంకతిరుగుడు అంటే కావాలని చుట్టూ తిప్పడం, డొంక అంటే పొదా అవుతుంది, రెండు పక్కలా కంచెలున్న ఇరుకు బాటా అవుతుంది, సూటిగా పోకుండా ఆ బాటన తిప్పేవాడి మీద అనుమానం ఆ మాటలోనే ఉంది. శాఖాచంక్రమణం అంటే వేరు, కొమ్మ మీంచి కొమ్మ మీదికి పోయినట్టు విషయం నుంచి విషయానికి పోవడం, అందులో మోసం లేదు, పాండిత్యం ఎక్కువై జరిగేది అది. సోది అంటే మూడోది, అందులో పాండిత్యం కూడా లేదు. ఇంగ్లీషులో మియాండరింగ్ స్పీచ్ అంటే ఈ రెండోదానికీ మూడోదానికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది, డొంకతిరుగుడు మాత్రం కాదు, ఎందుకంటే మియాండర్ అయ్యేవాడికి దాచాల్సింది ఏమీ ఉండదు. అనువాదాల్లో రాజకీయ నాయకుడు మియాండర్ అయ్యాడని ఉన్నచోట డొంకతిరుగుడుగా మాట్లాడాడని రాసేస్తుంటారు, అక్కడ ఆ మనిషి మీద లేని నేరం ఒకటి అదనంగా పడుతుంది.

ఇప్పుడు నది సంగతి. నదులు వంపులెందుకు తిరుగుతాయి అంటే అడ్డంగా రాయో గుట్టో వచ్చింది కాబట్టి అని చాలామంది చెప్పే జవాబు. మొదటి వంపుకి అది కారణం కావచ్చు, కానీ రాయీ గుట్టా లేని మెత్తటి మైదానంలోనే నదులు ఎక్కువ మెలికలు తిరుగుతాయి కదా, దానికి ఆ జవాబు సరిపోదు. అసలు కారణం వంపులో నీళ్ళు ఎలా కదుల్తాయనే దాంట్లో ఉంది. నీళ్ళు మలుపు తిరిగేటప్పుడు బయటి ఒడ్డు వైపు తోసుకుంటాయి, అక్కడ నీటిమట్టం పిసరంత పెరుగుతుంది, లోపలి ఒడ్డు దగ్గర పిసరంత తగ్గుతుంది. పైన నీళ్ళు జోరుగా ఉంటాయి, వాటికి బయటికి తోసుకునే బలం ఎక్కువ. అడుగు నీళ్ళు నేలకి రాసుకుని నెమ్మదిస్తాయి, వాటికి ఆ బలం తక్కువ, కానీ బయటి వైపు పెరిగిన మట్టం వల్ల లోపలికి నెట్టే ఒత్తిడి మాత్రం పైనా కిందా ఒకటే, అందుకని అడుగున నీళ్ళు ఓడిపోయి లోపలి ఒడ్డు వైపుకి జారతాయి. పైన బయటికి, కింద లోపలికి, ఇలా ప్రవాహం మొత్తం ముందుకి పోతూనే మెలిపడుతుంది. బయటి ఒడ్డున పైనుంచి కిందికి దిగే నీళ్ళు మట్టిని తవ్వుతాయి, అడుగున లోపలికి జారే నీళ్ళు ఇసుకని తీసుకెళ్ళి లోపలి ఒడ్డున మేట వేస్తాయి. బయటి ఒడ్డు కోతపడితే వంపు పెరుగుతుంది, వంపు పెరిగితే ఈ మెలి ఇంకా బలపడుతుంది, బలపడితే ఇంకా కోత. ఒకసారి కొంచెం వంగిన ఏరు వంగుతూనే పోవడానికి ఇదే కారణం.

దీన్ని ఐన్‌స్టీన్ టీ కప్పుతో వివరించాడు అని తరచూ చెప్తుంటారు, అది నిజమే, 1926లో నదుల మెలికల మీద ఒక చిన్న వ్యాసం చదివాడు, తర్వాత అచ్చయింది. వడకట్టని టీని స్పూన్‌తో గుండ్రంగా తిప్పి వదిలేస్తే ఆకు ముక్కలు అంచులకి పోకుండా అడుగున మధ్యలోకి చేరతాయి, బరువైనవి బయటికి పోవాలి కదా మరి ఇలా ఎందుకయింది అన్నది ప్రశ్న, జవాబు పైన చెప్పుకున్నదే, అడుగు నీళ్ళు లోపలికి జారడం. మన ఇళ్ళల్లో టీ వడకట్టకుండా ఎవరూ పోయరు కాబట్టి గ్లాసులో నాలుగు గింజలు టీ పొడి వేసి చూసుకోవాలి. కానీ ఈ కథలో సగం మందికి తెలియని పేరు ఒకటుంది, జేమ్స్ థామ్సన్. భౌతిక శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్‌కి అన్నయ్య ఆయన, ఐన్‌స్టీన్ కన్నా 50 ఏళ్ళ ముందే, 1876లో, మైదానాల్లో నదులు వంపులెందుకు తిరుగుతాయో ఇదే వివరణ రాసిపెట్టాడు. వాట్సాప్ ఫార్వర్డ్‌లో థామ్సన్ పేరు పెడితే ఎవరూ చదవరనుకున్నారో ఏమో.

ఇక లెక్కలు. నదీ వంపులు ఎంత పెద్దవిగా ఉంటాయో నది వెడల్పుని బట్టి దాదాపు చెప్పేయొచ్చు, ఒక వంపు మొదలైన చోటు నుంచి మళ్ళీ అదే వైపు వంపు మొదలయ్యే చోటు దాకా దూరం నది వెడల్పుకి సుమారు 10 నుంచి 14 రెట్లు ఉంటుంది. గదిలో ప్రయోగాల కోసం చేసుకున్న చిన్న కాలువకీ, మిసిసిప్పీ లాంటి మహానదికీ ఇదే లెక్క కుదురుతుంది. వంపు వ్యాసార్ధం వెడల్పుకి రెండు మూడు రెట్ల దగ్గర తరచుగా ఉంటుంది. అందుకే మ్యాప్‌లో స్కేలు చెరిపేస్తే అది పిల్ల ఏరో మహానదో వంపులు చూసి చెప్పలేం. 1966లో లాంగ్‌బీన్, లియోపోల్డ్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు ఇంకో అడుగు ముందుకేసి, ఈ వంపు గీత ఆకారం ఏంటో చెప్పారు. నది వెంట నడుస్తూ పోతుంటే మనం చూసే దిశ మారే తీరు ఒకే లయలో లేచి పడే సైన్ తరంగంలా ఉంటుందట, అంటే ఆ రెండు కొనల మధ్య అంత పొడవున్న గీతని గీయాల్సి వస్తే వంగే పనిని అన్ని చోట్లకీ వీలైనంత సమంగా పంచే గీత అది. పనీపాటా లేకుండా తిరగడం అని డిక్షనరీ అర్థం చెప్పింది దీనికే.

మెలికని కొలవడానికి ఒక నిష్పత్తి ఉంది, నది వెంట దూరాన్ని నేరుగా ఉన్న దూరంతో భాగిస్తారు. 1 అంటే తిన్నగా ఉందని, 1.5 దాటితే అది మియాండరింగ్ నది కింద లెక్క. 1996లో ఒక పరిశోధకుడు ఈ సంఖ్య సగటున గణితంలోని π (పై) విలువ 3.14 దగ్గరికి చేరుతుందని కంప్యూటర్ నమూనాతో చూపించాడు, వినడానికి భలే ఉండటంతో అది ఎక్కడెక్కడికో పాకింది, తర్వాత నిజం నదులని కొలిస్తే సగటు 2కి అటూ ఇటూనే వచ్చింది. ఇప్పటికీ ఆ π కథే చెలామణిలో ఉంది.

వంపు తిరగాలంటే ఒడ్డు మరీ వదులుగా ఉండకూడదు అన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. ఉత్తి ఇసుకలో నీళ్ళు వదిలితే ఒక్క పాయగా నిలబడదు, పాయలు పాయలుగా చీలిపోతుంది. ఒడ్డుని పట్టి ఉంచేది బంకమట్టో, మొక్కల వేళ్ళో ఉండాలి. 2009లో బర్కిలీ పరిశోధకులు పెద్ద తొట్టిలో ఇసుక పోసి అందులో ఆల్ఫాల్ఫా గడ్డి మొలకలు పెంచి నీళ్ళు వదిలితే అప్పుడు గానీ నిలబడే మియాండర్ తయారవలేదు. మార్స్ మీద మొక్కల్లేకుండానే పాత నదీ వంపుల జాడలు కనిపిస్తాయి, అక్కడ ఒడ్డుని పట్టుకున్నది వేరే ఏదో.

ఇప్పుడు అరకు ఘాట్ దగ్గరికి మళ్ళీ వస్తే తేడా తేలిగ్గా అర్థమవుతుంది. ఘాట్ రోడ్డు వంపులు తిరిగేది వాలు ఎక్కువగా ఉంది కాబట్టి, నేరుగా వేస్తే లారీ ఎక్కలేదు, కాబట్టి ఇంజినీర్ దూరం పెంచి వాలు తగ్గిస్తాడు. కొత్తవలస నుంచి కిరండూల్ పోయే రైల్వే లైన్ ఇంకా గట్టి ఉదాహరణ, రైలు చక్రానికి లారీ అంత పట్టు ఉండదు కాబట్టి వాలు ఇంకా తక్కువ ఉండాలి, అందుకే సముద్రమట్టానికి దగ్గర్లో మొదలై శిమిలిగుడ దగ్గర దాదాపు 1000 మీటర్ల ఎత్తుకి చేరేలోపు వంపుల మీద వంపులు, 50కి పైగా సొరంగాలు. నదికి ఇదంతా తలకిందులు. వాలు ఎక్కువున్న చోట అది మెలికలు తిరగదు, కొండ సందుల్లో దూకుకుంటూ పోతుంది. అనంతగిరి కొండల్లో గోస్తనిని చూస్తే రాళ్ళ మధ్య హడావిడిగా ఉంటుంది, బొర్రా గుహల్లోంచి వచ్చి, తాటిపూడి రిజర్వాయర్ దాటి, తగరపువలస, చిట్టివలస దగ్గరికొచ్చి నేల చదునయ్యాక గానీ దానికి పక్కలకి పొర్లే తీరిక దొరకదు, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అనకాపల్లి వైపు శారద కూడా అంతే, మైదానంలోకొచ్చాకే ఏటికి వంపుల మీద ధ్యాస పుడుతుంది. కాబట్టి ఘాట్ రోడ్డుని మియాండరింగ్ అనడం భాషలో చెల్లుతుంది, జియాలజీలో చెల్లదు. ఘాట్ వంపుకి మనకి ఎలాగూ హెయిర్‌పిన్ బెండ్ ఉంది, బస్సు డ్రైవర్లు అదీ అనరు, మలుపు అంటారు, అదే నయం.

కొండల్లో కూడా పెద్ద పెద్ద నదీ మెలికలు కనిపిస్తాయి కదా అని ఎవరైనా అడగొచ్చు, అమెరికాలో సాన్ హువాన్ నది మీద ఉన్న గూస్‌నెక్స్ ఫోటోలు అందరూ చూసే ఉంటారు, లోతైన రాతి లోయలో పాములా మడతలు. అవి చాలావరకు నది చదును నేల మీద ఉన్నప్పుడు తిరిగిన మెలికలు, తర్వాత నేల పైకి లేస్తే నది తన పాత గీత వదలకుండా అదే గీత మీద రాతిని కోసుకుంటూ దిగిపోయింది.

మయాండ్రోస్ నదికి సంబంధించి స్ట్రాబో చెప్పిన ఇంకో కబురుంది, అది ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా బాగుంటుంది. ఆ నది ఒడ్డు కోసేసి పొలం హద్దులు మార్చేస్తే జనం నది మీదే కేసు వేసేవాళ్ళట. నది తప్పు రుజువైతే జరిమానా, ఆ జరిమానా ఎవరు కడతారు అంటే నది దాటించే రేవుల్లో వసూలైన సొమ్ములోంచి. నవ్వొస్తుంది గానీ ఆలోచిస్తే ఇది మంచి ఏర్పాటే, నది వల్ల లాభం వచ్చే ఖాతాలోంచి నది వల్ల నష్టపోయినవాడికి ఇవ్వడం. గోదావరి లంకల్లో ఒక ఒడ్డున భూమి కోతకి పోయి ఇంకో ఒడ్డున మేట వేస్తే ఆ కొత్త మేట ఎవరిది అన్న గొడవ తెలిసినవాళ్ళకి ఇది కథలా అనిపించదు. బ్రిటిష్ వాళ్ళు ఇలాంటి భూముల కోసం 1825లోనే బెంగాల్లో ప్రత్యేకంగా ఒక రెగ్యులేషన్ తెచ్చారు. స్వతంత్రం వచ్చాక బీహార్, ఉత్తరప్రదేశ్ మధ్య హద్దు గంగ, ఘాఘ్రా నదుల నడి ప్రవాహం అని పెట్టుకుంటే నదులు జరిగినప్పుడల్లా ఊళ్ళు రాష్ట్రం మారిపోతున్నాయని, 1968లో పార్లమెంటు చట్టం చేసి హద్దుని నది నుంచి విడదీసి నేల మీద స్థిరం చేసింది. అమెరికా, మెక్సికోల మధ్య రియో గ్రాండే ఇలాగే జరిగి ఎల్ పాసో దగ్గర పెట్టిన తగువు దాదాపు వందేళ్ళు సాగి 1963లో ఒప్పందంతో తెగింది.

వంపు పెరిగి పెరిగి రెండు పక్కలూ దగ్గరికొచ్చేశాక ఏదో ఒక వరదలో నది మధ్యలోంచి అడ్డంగా కోసేసి దగ్గరి దారి చూసుకుంటుంది, వదిలేసిన పాత వంపు చెరువుగా మిగుల్తుంది, దాన్నే ఆక్స్‌బో లేక్ అంటారు, బీహార్‌లో బేగుసరాయ్ దగ్గర కాన్వర్ తాల్ అలాంటిదే, 2020లో ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. మిసిసిప్పీ ఇలా వేల ఏళ్ళుగా వదిలేసిన దారులన్నిటినీ 1944లో హారొల్డ్ ఫిస్క్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒకదాని మీద ఒకటి రంగురంగులుగా మ్యాపు గీశాడు, ఇప్పుడు వాటిని జనం పోస్టర్లుగా గోడకి తగిలించుకుంటున్నారు. మయాండ్రోస్ చేసిన పని ఇంకా పెద్దది. దాని మొగ దగ్గర మిలేటస్ అని గ్రీకుల గొప్ప రేవు పట్నం ఉండేది, దాని ముందు లాడే అని దీవి, క్రీస్తుపూర్వం 494లో ఆ దీవి దగ్గరే గ్రీకులకీ పర్షియన్లకీ పెద్ద ఓడల యుద్ధం జరిగింది. నది తెచ్చిన ఒండ్రు మట్టితో ఆ అఖాతం పూడిపోయి ఇప్పుడు మిలేటస్ శిథిలాలు సముద్రానికి కిలోమీటర్ల దూరంలో పొలాల మధ్యన ఉన్నాయి, లాడే దీవి మైదానంలో గుట్టలా మిగిలింది. రేవు మీద బతికే వైజాగ్ లాంటి ఊరివాళ్ళకి ఇది చదివితే కొంచెం గుబులు పుట్టాలి, ఇక్కడ హార్బర్ ఛానల్‌లో డ్రెడ్జింగ్ ఎందుకు ఆపకూడదో కూడా దీంట్లోనే తెలుస్తుంది.

ఈ మాట నది దాటి కూడా చాలా దూరం వెళ్ళింది. మెదడులా మడతలుండే ఒక రకం పగడాలకి మియాండ్రైనా అని పేరు. గణితంలో ఒక గీతని చాలాసార్లు కోస్తూ తిరిగి మొదటికి వచ్చే మూసిన వంపుని మియాండర్ అంటారు. రేడియో తరంగాలతో చదివే ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగుల్లో చిన్న చోటులో పొడవాటి యాంటెన్నా ఇరికించడానికి దాన్ని అటూ ఇటూ మడుస్తారు, ఆ మడతలకీ ఇదే పేరు. ఈ వాడకాలన్నిట్లో ఒక్కచోట కూడా గమ్యం లేకపోవడం అనే అర్థం లేదు, తక్కువ చోటులో ఎక్కువ పొడవు పట్టించడం అన్నదే ఉంది. ఇంజినీర్లు స్ట్రాబోకి దగ్గరగా ఉన్నారు, ఫోటో క్యాప్షన్లు రాసేవాళ్ళు దూరంగా ఉన్నారు.

నదికి గమ్యం లేదనుకున్నవాళ్ళు దాన్ని తిన్నగా చెయ్యాలని చూడటం కూడా మామూలే. ఫ్లోరిడాలో కిసిమ్మీ నది 166 కిలోమీటర్ల పొడవున మెలికలు తిరుగుతూ పారేది, వరదలు తగ్గిద్దామని 1962 నుంచి 1971 దాకా తవ్వి దాన్ని 90 కిలోమీటర్ల తిన్నటి కాలువ చేశారు. చిత్తడి నేలలు ఎండిపోయాయి, పక్షులు పోయాయి, కాలువ దిగువన చెరువులో మురికి పెరిగింది. 1999లో మళ్ళీ కాలువని పూడ్చడం మొదలుపెట్టి, పాత వంపుల్లోకి నీళ్ళు మళ్ళించి, 2021కి ఆ పని ముగించారు, మొత్తం కాదు, మధ్యలో కొంత భాగమే. తవ్వడానికయిన ఖర్చు కన్నా పూడ్చడానికే ఎన్నో రెట్లు ఎక్కువైంది.

వైజాగ్‌లో గెడ్డలు చాలావరకు సిమెంట్ గోడల మధ్య కాలువలైపోయాయి, వాటిని మళ్ళీ మెలికలు తిప్పే చోటు ఊళ్ళో ఇప్పుడు లేదు, ఇళ్ళు ఒడ్డు దాకా వచ్చేశాయి కాబట్టి ఆ ముచ్చట ఎత్తడం కూడా దండగ. కానీ తిన్నటి కాలువలో కూడా ఇసుక ఒకసారి ఎడమ గోడ పక్కన, కొంచెం ముందుకెళ్ళాక కుడి గోడ పక్కన, ఇలా మార్చి మార్చి మేటలు వేస్తుంది, నీళ్ళు వాటి మధ్యలోంచి అటూ ఇటూ వంగి పోతాయి. హైడ్రాలిక్స్‌లో వీటిని ఆల్టర్నేట్ బార్స్ అంటారు, మియాండర్ మొదలయ్యే తొలి దశల్లో ఇదొకటి, గోడ సిమెంట్‌ది కాబట్టి రెండో దశకి పోలేక అక్కడే ఆగుతుంది. వానాకాలం ముందు జేసీబీ పెట్టి తీసే పూడికలో చెత్తతో పాటు ఉండేవి ఈ మేటలే.